మాట మింగిన సౌండ్ కార్డు

మా ఇంట్లో అందరికంటే ఎక్కువ వైద్యం చేయించుకున్నది మా అత్తయ్య కాదు, మా ఆయన కంప్యూటరు. అత్తయ్యకి పక్షవాతం వచ్చిన ఏడాదే దానికీ గొంతు పాడైంది. అత్తయ్యని కాకినాడ ఎండలో ఆటో ఎక్కించుకుని స్పీచ్ థెరపీకి నేను తీసుకెళ్ళేదాన్ని. కంప్యూటరుకి మాత్రం స్పెషలిస్టులు ఇంటికే వచ్చేవారు. ఫీజు కింద పెసరట్లు తినేవారు.

ఆ కంప్యూటరు ఒకప్పుడు తెల్లగా ఉండేదట. నేను ఎరిగేసరికి పొగాకు నమిలేవాళ్ళ పళ్ళ రంగులోకి వచ్చింది. దాంట్లో ఒక ఆట. గోరంత వీరుడొకడు కోటగోడలు దూకుతూ నాణేలు ఏరుకుంటాడు. ఆఖరి గోడ దూకితే రాకుమారి దొరుకుతుంది. మా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ దొరుకుతూనే ఉంది, మా ఆయన మళ్ళీ మొదటికి వెళ్ళి ఆవిణ్ణి పోగొట్టుకుంటూనే ఉన్నారు.

మా ఆయన వేదాద్రిగారు ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. స్పెషలిస్టులు ఇద్దరు: బ్యాంకు మేనేజరుగా రిటైరైన ఫణీంద్రగారు, రొయ్యల చెరువుల జోగారావుగారు. ముగ్గురూ కలిస్తే దాని పేరు పాత కంప్యూటర్ల పరిరక్షణ సంఘం. ప్రతి ఆదివారం సమావేశం.

మొదట్లో ఆటలో పాట ఒక్క క్షణం మోగి, అక్కడే పట్టేసి, ఎక్కిళ్ళు పెట్టేది. ప్రింటరూ సౌండ్ కార్డూ ఒకే నంబరు మీద కంప్యూటరుని పిలుస్తున్నాయట. కార్డు మీదున్న చిన్న ప్లాస్టిక్ తొడుగు తీసి పక్క పిన్నుకి పెడితే పోయేదానికి సంఘం ఒక వేసవి తీసుకుంది. ఎక్కిళ్ళు తగ్గాయి, రొద మొదలైంది. పాట కింద సన్నగా, రేకుల మీద జల్లు పడుతున్నట్టు.

"కార్డుని స్పిరిట్‌తో తుడిచావట్రా?" అనేవారు ఫణీంద్రగారు.

"తుడిచాన్రా. కెపాసిటర్లు కూడా మార్చేశాను."

"మా రోజుల్లో ఇలా ఉండేది కాదండీ," అని ఆయన నావైపు తిరిగేవారు, ఆ రొద నేనే వంటింట్లో వేయించి పంపిస్తున్నట్టు.

"స్పీకర్ వైరు కరెంటు వైరుని రాసుకుంటూ పోతోంది కదా, కాస్త ఎడంగా పెడితేనో?" అన్నాను ఓసారి. నేనూ బీఎస్సీ చదివినదాన్నే.

"నీకు అర్థం కాదులే హైమా," అన్నారు మా ఆయన.

నిజమే, నాకు అర్థమయ్యేది కాదు. పక్క గదిలో ఒక మనిషికి మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలితే, ఈ గదిలో ముగ్గురు మగాళ్ళు ఒక పెట్టె గొంతు సవరించడానికి కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నాకు ఎలా అర్థమవుతుంది?

అత్తయ్యకి మిగిలిన ఆ ఒక్క మాట "అమ్మాయ్". మంచినీళ్ళకీ అదే, దోమతెరకీ అదే, నొప్పికీ అదే. కొస సాగితే దాహం. తుంచినట్టు అంటే ఫ్యాను ఆపమని. కిందికి దించి, ముక్కుతో అంటే "మీ ఆయన వచ్చాడు" అని. ఈ చివరిదాన్లో నాకు కాస్త సానుభూతి కూడా వినిపించేది. అత్తయ్య అనడం, నేను "వస్తున్నా" అని లేవడం, రోజంతా ఇదే మా సంభాషణ.

"ఆ ఒక్క మాటే మెట్టండీ," అన్నారు థెరపీ చేసే ఎస్తేరు గారు. "దాన్ని పట్టుకునే రెండోది ఎక్కుతాది. రోజూ అనిపించండి. అనడం మానేసిందనుకోండి, ఇది కూడా పోద్ది. మరింకేమీ రాదు."

ఆ సంగతి మా ఆయనకి చెప్పాను. "ఊఁ" అన్నారు. తెర మీద వీరుడు గోడ దూకుతున్నాడు.

అసలు కథ ఆ రాయితో మొదలైంది. ఓడల ఇంజన్ల రొద తగ్గించడానికంటూ మా ఆయన కాలేజీ ల్యాబులో చాలా ఏళ్ళు ఒక స్ఫటికం పెంచారు. డబ్బులిచ్చే కమిటీవాళ్ళు నవ్వి పంపించేశారు. వాళ్ళ మీద కోపంతో దాన్ని జేబులో వేసుకొచ్చి, పటికబెల్లం ముక్కంత రాయిని సౌండ్ కార్డుకి అతికించారు. ఒక మైకు తెచ్చి, ఇంటికి నడిమధ్య అని చెప్పి, వంటింటికీ అత్తయ్య గదికీ మధ్యనున్న నడవలో మేకుకి తగిలించారు.

"ఇదేంటి?" అన్నాను.

"మళ్ళీ మళ్ళీ వచ్చే చప్పుడేదో ఈ రాయి పసిగడుతుంది. పసిగట్టి తీసేస్తుంది. మళ్ళీ మళ్ళీ వచ్చేదాంట్లో సమాచారం ఉండదు కదా. అది వట్టి రొద."

"మళ్ళీ మళ్ళీ వచ్చేదంతా రొదేనా?"

"నీకు అర్థం కాదులే."

రొద పోయింది. ఆటలో పాట కడిగిన ముత్యంలా వచ్చింది. జోగారావుగారు తొడ చరిచి "అదీ మజా అంటే!" అని లేచి నిలబడ్డారు. ఆ వారంలోనే మా గేటు కిర్రుమనడం మానేసింది. గోడ గడియారం గంటలు కొట్టడం మానేసింది. ముల్లు తిరిగేది, లోపల సుత్తి ఊగేది, చప్పుడు మాత్రం ఉండేది కాదు. గేటు మూగబోతే నూనె కలిసొచ్చిందనుకున్నాను. ఇంతలో కరెంటు పోయింది. వచ్చాక కూడా గేటు, గడియారం అలాగే ఉన్నాయి. ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

తర్వాత కుక్కర్. ఆవిరి బుసబుసా వస్తోంది, బరువు ఎగిరిపడుతోంది, కూత లేదు. పప్పు మాడింది. వాషరు మార్చాను, ఇంకోసారి మాడింది. మూడోసారి మాడిన గిన్నె తోముతుంటే ఆ గదిలోంచి నా కుక్కర్ కూసింది. వెళ్ళి చూస్తే తెర మీద వీరుడు గోడ దూకుతున్నాడు. దూకిన ప్రతిసారీ మా పప్పు ఉడుకుతున్న కూత.

మా ఆయన మొహం చూడాలి. కాలేజీలో ఎవరూ దండ వెయ్యలేదు కాబట్టి తనే వేసుకున్నట్టు ఉంది.

"చూశావా? నకలు కాదు, అసలే వచ్చేస్తోంది! ప్రపంచంలో ఎవరూ చెయ్యలేదు ఈ పని."

"ఎవరికీ అవసరం పడలేదేమో."

ఆయన వినలేదు. నా స్టీలు గ్లాసు లాక్కుని మైకు ముందు చెంచాతో కొట్టడం మొదలుపెట్టారు. మొదట ఖంగుమంది. కొడుతూ పోతుంటే ఆ ఖంగు సన్నబడి, బొంగురుపోయి, చివరికి దూది మీద కొట్టినట్టయింది. అటు స్పీకర్‌లో గ్లాసు ఖంగున మోగింది. అప్పుడు చెప్పారు సంగతి. రాయిలో నాలుగే గదులట. కుక్కర్, కాలింగ్ బెల్, గ్లాసు వచ్చేశాయి. ఐదోది వస్తే మొదట వచ్చినది ఎక్కడిదక్కడికి వెళ్ళిపోతుంది. కరెంటు పోతే మాత్రం లోపలున్నవి ఇక ఎవరికీ దక్కవు, మొన్నటి గేటులాగే. అందుకని ఇన్వర్టరు కొన్నారు. అత్తయ్య గదిలో ఫ్యానుకి అడిగినప్పుడు వేసవి అయిపోవస్తోంది కదా అన్న ఇన్వర్టరే.

"మరి ఇవి మూడే కదా, నాలుగోది?"

"అదే చూడాలి. బెల్లుకీ గ్లాసుకీ మధ్య ఏదో చేరింది. ఏంటో తెలియట్లేదు."

నాకు తెలుసు. ఆ పొద్దున కాఫీకి పిలవబోతే నా నోట్లోంచి "ఏమండీ" రాలేదు. పెదాలు కదిలాయి, గాలి వచ్చింది, అంతే. మిగతా మాటలన్నీ లక్షణంగా ఉన్నాయి. మొగుణ్ణి పేరు పెట్టి పిలిచే అలవాటు మా ఇళ్ళల్లో లేదు కాబట్టి, రోజంతా అరిచే ఆ ఒక్క మాటని రాయి మహా సులువుగా పట్టేసుకుంది. ఆటలో వీరుడు గోతిలో పడ్డప్పుడల్లా ఆర్తిగా "ఏమండీ" అంటున్నాడని మా ఆయన ఆ సాయంత్రానికి కనిపెట్టారు. ఆ గొంతు ఎవరిదో కనిపెట్టలేదు. పిలవకుండానే కాఫీ బల్ల మీదకి వస్తోందని కూడా కనిపెట్టలేదు. వస్తోంది కదా, చాలు. నిజం చెప్పాలంటే నాకూ హాయిగానే ఉంది. నాది కాబట్టి ఊరుకున్నాను.

ఒక శుక్రవారం పొద్దున్న పొయ్యి మీద కుక్కర్ ఉన్నట్టుండి కూసింది. ఎన్నాళ్ళకో! కూతురు పుట్టింటికి వచ్చినంత సంబరపడ్డాను. దర్జాగా ఇంకో కూత వేయించి, పప్పు దించి పోపు పెట్టాను. ఐదోది లోపలికి వెళ్తేనే మొదటిది బయటికి వస్తుందని విన్నదాన్ని, ఏం వెళ్ళిందా అని ఆలోచించలేదు.

ఇంతలో "అమ్మాయ్" అని వినిపించింది.

"వస్తున్నా" అన్నాను.

"అమ్మాయ్. అమ్మాయ్. అమ్మాయ్. అమ్మాయ్."

అత్తయ్య ఎప్పుడూ అంత గబగబా అనరు. పైగా ఆ పిలుపు అత్తయ్య గది నుంచి రాలేదు. చెయ్యి తుడుచుకుంటూ కంప్యూటర్ గదికి పరుగెత్తాను. మా ఆయన, పొద్దున్నే వచ్చి కూర్చున్న జోగారావుగారు, ఇద్దరూ కుర్చీల్లో ముందుకు వంగి ఉన్నారు. వీరుడు నాణేల వరస మీద పరిగెడుతున్నాడు. ఒక్కో నాణేనికీ ఒక్కో "అమ్మాయ్".

"అదీ మజా అంటే! చెల్లెమ్మా, ఇన్నావా? ఎంత నీటుగా వచ్చిందో!"

నేను నడవ దాటి అత్తయ్య గదిలోకి వెళ్ళాను. అత్తయ్య మంచం మీంచి సగం జారిపోయి ఉన్నారు. దుప్పటి ఒక కాలికి చుట్టుకుంది. మంచి చేత్తో మంచం కోడు పట్టుకుని వేలాడుతున్నారు. ఎంతసేపటి నుంచో. నన్ను చూసి నోరు తెరిచారు. తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు. ఏమీ రాలేదు. పక్క గదిలో అత్తయ్య గొంతు నాణేలు ఏరుకుంటూనే ఉంది.

ఎత్తి పడుకోబెట్టాక మా ఆయన్ని లాక్కొచ్చాను. ఆయన మంచం దగ్గర నిలబడి తల గోక్కున్నారు.

"ఎల్లుండి కాక పై ఆదివారం రాజమండ్రి, అమలాపురం నుంచి సంఘాలవాళ్ళు చూడ్డానికొస్తున్నారు హైమా. నాలుగూ అచ్చంగా కుదిరాయి. కదిలించకూడదని మైకు కూడా పీకేశాను. ఆదివారం అవ్వగానే చూద్దాం."

"ఆదివారం దాకా ఆవిడ ఏం చెయ్యాలి?"

"ఏముంది? ఆ ఒక్క మాటతో ఏం చెప్పేస్తోంది గనక?"

అత్తయ్యకి మాటలు పోయాయి గాని చెవులు పోలేదు. కొడుకు వైపు చూశారు. తర్వాత మొహం గోడవైపు తిప్పేసుకున్నారు. ఆ రోజు ముద్ద ముట్టలేదు. మర్నాడు నోరు తెరిచి ప్రయత్నించడం కూడా మానేశారు.

ఎస్తేరు గారు చూసి నన్ను బయటికి పిలిచారు. "ఏం జరిగిందండీ? ఇలా ఒగ్గేస్తే కష్టమండీ. వారం పది రోజులు అనకపోతే ఆ దారి మూసుకుపోద్ది. మళ్ళీ నేనొచ్చినా, దేవుడే వచ్చినా ఒకటే."

ఏం జరిగిందో చెబితే నమ్మరు. నమ్మితే ఇంకా సిగ్గుచేటు. కన్నతల్లి మాట తీసుకెళ్ళి ఆటలో చిల్లర డబ్బులకి వాడుకుంటున్నాడని ఏ నోటితో చెప్పను?

మా ఆయన ఆ గదికి తాళం వేసుకుని కాలేజీకి వెళ్ళేవారు. నా మీద నమ్మకం లేక కాదట, దుమ్ము పడకుండానట. నేను గొడవ పడలేదు. గొడవ పడితే ఆదివారం నన్ను ఆ గదిలోకి రానివ్వరు. ఫిల్టరు దగ్గర నిలబడి కాఫీ దించుతూ లెక్క వేసుకున్నాను: బెల్లు, నా మాట, గ్లాసు, ఆ తర్వాత అత్తయ్య. కొత్తవి నాలుగు లోపలికి తోస్తే అత్తయ్య మాట బయటికి వస్తుంది. నాలుగు గ్లాసులు కొట్టినా సరిపోతుంది. కానీ ఇంటినిండా సంఘం సభ్యులు ఉండగా గ్లాసులు దేనికి?

ఆదివారం వచ్చింది. పదిమంది దాకా మగవాళ్ళు, ఒక్కొక్కరి చంకలో ఒక్కో ప్లాస్టిక్ పెట్టె. పెసరట్ల పళ్ళెం ఆ గదిలో బల్ల మీద పెట్టేటప్పుడు, అలమారలో పడేసిన మైకు తీసి, తీగ కార్డు వెనక రంధ్రంలో గుచ్చి, మైకుని అల్లం పచ్చడి గిన్నె వెనక నిలబెట్టాను. ఎవరూ చూడలేదు. పళ్ళెం వస్తుంటే మగవాళ్ళు పళ్ళేన్నే చూస్తారు.

"అన్నయ్యగారూ," అన్నాను ఫణీంద్రగారితో, "మీ రోజుల్లో కూడా ఇలాంటి ఆటలే ఉండేవాండీ?"

అంతే, గట్టు తెగింది. "మా రోజుల్లో ఇలా కాదండీ. మా రోజుల్లో ఫ్లాపీ ఒకటి దొరికితే పండగండీ. మా రోజుల్లో..." ఆయన రోజులు ఎప్పటికీ అయిపోవు. చెబుతూ చెబుతూ ఒకచోట నోరు తెరిచి, చేపలా రెండుసార్లు ఆడించారు. గొంతు సవరించుకుని నీళ్ళు తాగారు. ఇంతలో ఆలస్యంగా వచ్చినాయన ఎవరో బయట నొక్కితే కాలింగ్ బెల్ మోగింది.

"జోగారావు అన్నయ్యగారూ, అన్నిట్లోకీ ఏది బావుంటుందండీ?"

"ఈ దూకుడుంది చూశావా చెల్లెమ్మా, అదీ మజా అంటే! ఆ గోతులు చూడు, అదీ మజా అంటే!" ప్రతి గోడకీ, ప్రతి గోతికీ ఆయనకి అదే మజా. ఆ మజా కూడా ఆఖరికి పెదాల మీదే ఆరిపోయింది. నేను తల తిప్పి, నోట్లోనే మెల్లగా "ఏమండీ" అని చూసుకున్నాను. వచ్చింది. ఏం చేసుకోను? నోట్లోనే ఉంచుకున్నాను.

ఇక మా ఆయన. వీరుడు దూకితే "మా రోజుల్లో" అంటున్నాడేమిటని ఆయన అప్పటికే కంగారుగా మీటలు నొక్కుతున్నారు.

"ఇది ఎందుకిలా అంటోంది?" అన్నాను.

"నీకు అర్థం కాదులే."

"పోనీ, ఆ ఎర్ర దీపం ఏంటి?"

"నీకు అర్థం కాదులే హైమా."

"ఆ నల్ల తీగ?"

"నీకు అర్థం కాదులే అన్నానా!"

ఇరవై ఏళ్ళుగా పండిన ముక్క. రాయి దాన్ని ఎక్కువసేపు నమలాల్సిన పని పడలేదు. ఇంకో ప్రశ్న వేశాను. ఆయన పెదాలు కదిలాయి, గాలి వచ్చింది. బల్ల మీద గ్లాసుకి నా గాజు తగిలి ఖంగుమంది.

అప్పుడు అర్థమైంది ఆయనకి. ఆయన మరీ మందమతి ఏమీ కాదు, చూడరు, అంతే. కార్డు వెనక్కి చూశారు, తీగ వెంబడి పచ్చడి గిన్నె దాకా చూశారు. ఒక్క ఉదుటున లేచారు. ఇంకొక్కటి కావాలి. ఆయన నాకంటే పొడుగు, ఆ తీగ చేతికి చిక్కితే అయిపోయినట్టే. ఆ గదిలో ఇక మళ్ళీ మళ్ళీ వచ్చే మాట ఏదీ మిగల్లేదు. అతిథులందరూ ఫణీంద్రగారి నోట్లోకి చూస్తూ కొయ్యబారి ఉన్నారు. గ్లాసు కొట్టి కూర్చునే వ్యవధి లేదు.

నా దగ్గర ఒకటుంది. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా అనేది, అని అని అరిగిపోయినది. మైకు గుప్పిట్లో పట్టుకుని, బల్లకి అటువైపు తిరిగి, నడవలోకి కేక పెట్టాను.

"వస్తున్నా! వస్తున్నా అత్తయ్యా, వస్తున్నా! వస్తున్నా! వస్తున్నా!"

మా ఆయన బల్ల చుట్టూ తిరిగి వచ్చేసరికి నా చేతిలో మైకు ఉంది, నోరు తెరిచి ఉంది, మాట లేదు.

నడవ అవతల ఏమీ వినబడలేదు. అత్తయ్య అనడం మానేసి తొమ్మిది రోజులు. మాట తిరిగొచ్చిందని ఆవిడకి ఎలా తెలుస్తుంది? ప్రయత్నిస్తే కదా! ఎస్తేరు గారు చెప్పిన దారి మూసుకుపోయిందేమో. నేను ఆవిడ గది గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. అత్తయ్య గోడవైపు తిరిగే ఉన్నారు. ఎప్పుడూ పిలిస్తే వెళ్ళేదాన్ని, ఈసారి పిలవకుండా వెళ్ళి మంచం మీద కూర్చుని, ఆవిడ చెయ్యి తీసుకుని నా గొంతు మీద పెట్టుకున్నాను. "వస్తున్నా" అని ఆడించాను. గొంతు కదిలింది, చప్పుడు లేదు. మళ్ళీ ఆడించాను.

అత్తయ్య ఇటు తిరిగారు. నా నోటికేసి చాలాసేపు చూశారు. కళ్ళు పెద్దవి చేశారు. నాకు ఏం పోయిందో ఈ ఇంట్లో ఆవిడకి తప్ప ఎవరికి తెలుస్తుంది?

"అమ్మాయ్?" అన్నారు, కంగారుగా.

తన గొంతు విని తనే ఉలిక్కిపడ్డారు. మళ్ళీ అన్నారు. నడవలో నిలబడ్డ కొడుకుని చూసి, ముక్కుతో, కిందికి దించి ఇంకోసారి అన్నారు.

రాజమండ్రివాళ్ళు, అమలాపురంవాళ్ళు పెసరట్లు ముగించి వెళ్ళిపోయారు. కంప్యూటరు మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. దాన్ని ఆపితే ముగ్గురి మాటలూ గేటులాగే పోతాయని సంఘం భయం. మళ్ళీ మైకు పెట్టి గ్లాసులు కొట్టుకుంటే ఎవరివి వాళ్ళకి వచ్చేస్తాయి. ఆ మైకు బియ్యం డబ్బాలో ఉంది. బియ్యం డబ్బా మూత తీసిన మగాడు ఆ సంఘంలో ఇంతవరకూ లేడు. ఫణీంద్రగారి భార్య ఫోన్ చేశారు. "ఏం చేశారో తెలీదు గాని వదినా, ఇల్లు గుడిలా ఉంది. ఆ పెట్టె మాత్రం ఆపకండేం!" అన్నారు. సాయంత్రం కాకినాడ కాజాలు పంపించారు.

నా మాట కూడా దాంట్లోనే ఉంది. వీరుడు నాణెం ఏరిన ప్రతిసారీ "వస్తున్నా" అంటుంది. మా ఆయనకి నా "వస్తున్నా"కి లోటు లేదు. రావడానికే కాస్త లోటు.

ఎస్తేరు గారు ఇప్పుడు వారానికి రెండుసార్లు వస్తున్నారు. ఆటో ఖర్చు లేదు, ఇంటికే. నిన్న పొద్దున్న అత్తయ్యకి ఇడ్లీ తినిపిస్తున్నాను. పక్క గదిలోంచి మా ఆయన కేకేశారు.

"హైమా! కాఫీ!"

అలవాటు చొప్పున గిన్నె కింద పెట్టి లేవబోయాను. అత్తయ్య మంచి చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకున్నారు. మొహమంతా బిగించి, పెదాలు కూడదీసుకుని, ఏడాదిలో తన రెండో మాట అన్నారు.

"కూర్చో."

కూర్చున్నాను.